బెజవాడ నుండి బందరుకు: రెండు చక్రాలు మోయగల బరువు

విజయవాడలో ప్రకాశం బ్యారేజీ మీదికి భారీ లారీలను అనుమతించరు. 1855లో పూర్తయిన పాత ఆనకట్ట 1952లో తెగిపోయిన తరువాత, దాని స్థానంలో కట్టిన ఈ బ్యారేజీ 1957లో పూర్తయింది. కృష్ణ నీటిని ఆపి, డెల్టా కాలువలకు మళ్ళించడం దాని ప్రధాన బాధ్యత. దాని మీద ఎంత బరువు వెళ్ళాలో, ఏ వాహనం వెళ్ళకూడదో అధికారులు నిర్ణయించారు. ఆ నిషేధాన్ని ఏ లారీ డ్రైవరూ ప్రశ్నించడు. వంతెనకు ఒక శక్తి ఉంటుందనీ, దానిని మించి మోపితే ముప్పు తప్పదనీ చదువు రానివారికి కూడా తెలుసు.

అదే బ్యారేజీ మీద సెలవు రోజుల్లో కాసేపు నిలబడి చూడండి. ముందు పెట్రోలు ట్యాంకు మీద ఒక చిన్నారి, హ్యాండిల్ పట్టుకుని తండ్రి, వెనుక తల్లి, ఆమె ఒడిలో ఇంకో బిడ్డ, ఇరువైపులా సంచులు, తండ్రి కాళ్ళ నడుమ ఒక మూట. వంతెనకు పరిమితి ఉందని నమ్మేవారే తమ బండికి కూడా ఒక పరిమితి ఉందన్న సంగతిని ఎన్నడూ తలచి ఉండరు. మన కుటుంబాలలో అధికశాతానికి మోటారు సైకిలే కారు, అదే జట్కా, అదే సామాన్ల బండి. కనుక ఈ విషయం మన ఇళ్ళలో మాట్లాడుకోవలసినదని మాకు తోచింది. గత డిసెంబరులో ఒక వలీమా నిమిత్తం విజయవాడ నుండి మచిలీపట్నానికి చేసిన ప్రయాణాన్ని ఆధారం చేసుకుని, మాకు తెలిసినంత మేరకు దీనిని పాఠకుల ముందు ఉంచుతున్నాము.

కాటా చెప్పిన లెక్క

వలీమా మా మేనల్లుడి బావమరిదిది. మేనల్లుడు, అతని భార్య, ఎనిమిదేళ్ళ కూతురు, మూడేళ్ళ కొడుకు, రెండు సంచులు, అన్నీ ఒకే బండి మీద బయలుదేరాలన్నది అతని ఆలోచన. మేమూ, మా శ్రీమతీ మా బండి మీద వెళ్ళాలని అనుకున్నాము. మాది నూరు సి.సి. తరగతికి చెందిన మామూలు బండి. అతనిదీ అదే. బయలుదేరడానికి రెండు రోజుల ముందు మేము బండితో వచ్చిన పుస్తకం తీసి అతని ముందు పెట్టాము. కంపెనీ వారు ఇచ్చే ఆ పుస్తకాన్ని మనలో చాలామంది బీరువాలో దాచి మరచిపోతారు. అందులో 'గరిష్ఠ భారం 130 కిలోలు' అని స్పష్టంగా ఉంది. బండి సొంత బరువు 112 కిలోలు. అంటే రోడ్డు మీద ఆ బండి మొత్తం 242 కిలోలకు మించకూడదు.

ఇక్కడ చాలామంది పొరబడే విషయం ఒకటి ఉంది. ఆ 130 కిలోలు సామాను బరువు మాత్రమే అనుకుంటారు. కాదు. నడిపేవారు, వెనుక కూర్చునేవారు, వారి హెల్మెట్లు, సంచులు, తరువాత మనం బిగించుకున్న ఇనుప గార్డులు, క్యారియర్లు, డబ్బాలు, ఇవన్నీ కలిపి 130. ట్యాంకులో పెట్రోలు మాత్రం సాధారణంగా బండి సొంత బరువులోనే లెక్కకు వస్తుంది.

మా వీధిలో బియ్యం దుకాణం ఉంది. దాని యజమాని మాకు పరిచయస్థుడు. ఆయన అనుమతితో అందరమూ కాటా మీద నిలబడ్డాము. మేము 68 కిలోలు, మా శ్రీమతి 57. ఇద్దరమూ కలిసి 125. హెల్మెట్లు రెండూ కలిపి రెండున్నర. ఇక మిగిలింది రెండున్నర కిలోలు. ఒక జత బట్టలు, తువ్వాలు, మందుల పొట్లం, నీళ్ళ సీసాతో అది నిండిపోతుంది. పెద్ద శరీరాలు కాని ఇద్దరు నడివయస్కులు ఎక్కి కూర్చుంటేనే బండి శక్తి దాదాపు ఖర్చయిపోతుందన్న మాట.

తరువాత మేనల్లుడి కుటుంబం. అతను 74, అతని భార్య 58, కూతురు 23, కొడుకు 13, సంచులు రెండూ 17. వెరసి 185 కిలోలు. పరిమితికి 55 కిలోలు ఎక్కువ. పిల్లలనూ, సంచులనూ పక్కన పెట్టి దంపతులిద్దరినీ మాత్రమే లెక్కించినా 132. అతను చాలాసేపు ఆ అంకెలను చూస్తూ ఉండిపోయాడు.

"మామూ, ఈ ఊరిలో అందరూ ఇలాగే కదా వెళుతున్నారు? బండ్లు విరిగిపోతున్నాయా?" అన్నాడు.

అది న్యాయమైన ప్రశ్నే. దానికి సమాధానం కోసం అతనిని వెంటబెట్టుకుని ఆటోనగర్ వెళ్ళాము.

బరువు పెరిగితే ఏమవుతుంది?

విజయవాడ ఆటోనగర్ అంటే లారీలకు బాడీలు కట్టే చోటు, ఇంజన్లు విప్పి బిగించే చోటు, పాత విడిభాగాలు దొరికే చోటు. అక్కడ ముప్పై ఏళ్ళుగా పనిచేస్తున్న ఒక మెకానిక్ భాయి మా మదరసాకు పిల్లలను పంపిన తండ్రి. మేనల్లుడు తన ప్రశ్న అడిగి, బండి వెనుక టైరు చూపించాడు. టైరు పక్క గోడ మీద 54 అనే అంకె ఉంది. ఆ అంకెకు అర్థం ఆ టైరు 212 కిలోల వరకు మోయగలదని. ముందు టైరు మీద 47 ఉంది, అంటే 175 కిలోలు. "రెండూ కలిపితే 387. మేమంతా కూర్చున్నా బండితో కలిపి మూడు వందలు కూడా లేము కదా?" అన్నాడు మేనల్లుడు.

మెకానిక్ భాయి నవ్వి ఇలా వివరించాడు. టైరు మీది అంకె టైరు గురించే చెబుతుంది, అది కూడా తగినంత గాలి ఉన్నప్పుడు. చట్రం గురించి, చక్రపు స్పోకుల గురించి, షాకబ్జార్బర్ల గురించి, బ్రేకుల గురించి అది ఏమీ చెప్పదు. పైగా వెనుక ఎక్కిన బరువు రెండు చక్రాల మీదా సమానంగా పడదు. అధిక భాగం వెనుక చక్రం మీదనే పడుతుంది. కంపెనీ వారు వీటన్నిటినీ ఒకచోట చేర్చి, గుంతలో పడినప్పటి దెబ్బను కూడా దృష్టిలో పెట్టుకుని ఒక అంకె నిర్ణయిస్తారు. ఆ ఒక్క అంకెనే మనం పట్టించుకోవాలి.

బండి వెంటనే విరగదు, నిజమే. అందుకే మనం మోసపోతాము. జరిగేది వేరు. ఒంటరిగా వెళ్ళేటప్పుడు బండి, మనిషి కలిసి 180 కిలోలు అనుకుందాము. పరిమితి మేరకు నిండితే 242, అంటే మూడో వంతుకు పైగా ఎక్కువ. అదే వేగంలో ఉన్నప్పుడు బ్రేకు ఆపవలసిన శక్తి కూడా అంతే ఎక్కువవుతుంది. వేగం పెరిగితే లెక్క మరింత మారుతుంది. గంటకు 40 కిలోమీటర్ల వేగం 60కి పెరిగితే ఆపవలసిన శక్తి రెండుంబావు రెట్లు అవుతుంది. మేనల్లుడి కుటుంబం మొత్తం ఎక్కితే బండి 297 కిలోలు. ఎదురుగా గేదె అడ్డం వచ్చినప్పుడు ఈ అంకెలన్నీ ఒక్క క్షణంలో తీర్పు చెబుతాయి.

రెండవది సంతులనం. వెనుక చక్రపు ఇరుసు కన్నా వెనక్కి వేలాడే బరువు తులాదండంలా పనిచేసి ముందు చక్రాన్ని తేలిక చేస్తుంది. అప్పుడు హ్యాండిల్ తేలిపోతున్నట్టు ఉంటుంది, మలుపులో బండి మన మాట వినదు. మూడవది టైరు. గాలి తక్కువగా ఉండి బరువు ఎక్కువైతే టైరు పక్క గోడ ప్రతి చుట్టుకూ నలిగి నలిగి వేడెక్కుతుంది. డెల్టా ఎండలో అరగంట ప్రయాణం చాలు, ఆ వేడి టైరును లోపలి నుండి బలహీనపరచడానికి.

ఫిఖ్‌హ్ గ్రంథంలో ఒక సవారీ

ఆటోనగర్ నుండి తిరిగి వస్తుండగా మాకు మా విద్యార్థులకు బోధించే పాఠం ఒకటి జ్ఞప్తికి వచ్చింది. మర్గీనాన్ పట్టణానికి చెందిన ఇమామ్ బుర్హానుద్దీన్ 'హిదాయా' గ్రంథాన్ని రచించి ఎనిమిది శతాబ్దాలు దాటింది. ఆయన హిజ్రీ 593లో, అంటే 1197లో, పరమపదించారు. ఆ గ్రంథంలో అద్దె ఒప్పందాల అధ్యాయంలో సవారీ జంతువుల ప్రస్తావన వస్తుంది. ఒక వ్యక్తి ఇంత గోధుమ మోయించడానికని జంతువును అద్దెకు తీసుకుని, అంతకు మించి మోపాడు. జంతువు మరణించింది. ఎంత ఎక్కువ మోపాడో ఆ నిష్పత్తి మేరకు అతను నష్టపరిహారానికి బాధ్యుడు. ఆ జంతువు అసలు మోయలేనంత బరువు మోపి ఉంటే మొత్తం విలువకే బాధ్యుడు.

ఇంకొక ఉదాహరణ మరీ ఆసక్తికరం. ఇంత దూది మోయించడానికి అద్దెకు తీసుకున్న జంతువు మీద అంతే బరువు గల ఇనుము మోపకూడదు. బరువు ఒకటే అయినా దూది వీపంతా పరచుకుంటుంది, ఇనుము ఒకేచోట కూడుకుని గాయం చేస్తుంది. సంచీని ఎక్కడ కట్టాలనే మన ప్రశ్నకు ఇది సూటి సమాధానం.

మూడవది, తాను ఒక్కడే ఎక్కుతానని అద్దెకు తీసుకున్నవాడు వెనుక మరొకరిని ఎక్కించుకున్నాడు. జంతువు మరణిస్తే సగం విలువకు బాధ్యుడు. ఇక్కడ ఎవరు ఎంత బరువున్నారన్న లెక్క చూడరు. ఎందుకంటే తేలికైన మనిషి అయినా సవారీ తెలియకపోతే జంతువును గాయపరచగలడు, బరువైన మనిషి అయినా సవారీ తెలిసినవాడైతే జంతువుకు తేలికగానే ఉంటాడు. వెనుక సీటు మీద అటూ ఇటూ కదిలే తేలికపాటి పిల్లవాడు, స్థిరంగా కూర్చున్న పెద్దమనిషి కన్నా బండిని ఎక్కువ తడబరుస్తాడని తెలిసినవారు ఈ మాటలోని లోతును గ్రహించగలరు.

ఈనాటి బండి మన సొంతమే, అద్దెది కాదు, దానికి ప్రాణమూ లేదు. కానీ దాని మీద కూర్చున్నవారికి ప్రాణం ఉంది. హ్యాండిల్ పట్టినవారి చేతిలో వెనుక కూర్చున్నవారు అమానత్. బ్రేకు వారి కాలి కింద లేదు, దారి వారి కంటికి సరిగా కనిపించదు. మోపిన అదనపు బరువుకు జవాబుదారీ నడిపేవారిదే.

మేనల్లుడికి ఈ పాఠం వినిపించాము. అతను మారుమాట్లాడలేదు గానీ అతని మనసులోని బాధ ముఖంలో కనిపించింది. "అత్తగారింటికి భార్యాపిల్లలను బస్సులో పంపితే ఏమనుకుంటారు మామూ?" అన్నాడు చివరకు. ఇదే అసలు చిక్కు. చాలా బండ్ల మీద అదనపు బరువుకు కారణం పేదరికం ఒక్కటే కాదు, నలుగురిలో మాట పడకూడదన్న జంకు కూడా.

మేము చట్టం సంగతి కూడా చెప్పాము. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 128వ సెక్షను ప్రకారం ద్విచక్ర వాహనం మీద నడిపేవారు కాక మరొక్కరికే అనుమతి. పిల్లలైతే లెక్కలోకి రారన్న మినహాయింపు అందులో లేదు. ఉల్లంఘిస్తే వెయ్యి రూపాయల జరిమానా, మూడు నెలలు లైసెన్సు కోల్పోవడం ఉన్నాయి. నాలుగేళ్ళ లోపు బిడ్డను వెనుక కూర్చోబెట్టుకుని వెళ్ళాలంటే, నడిపేవారికి కట్టి ఉంచే పట్టీల జాకెట్టు, బిడ్డ తలకు హెల్మెట్ తప్పనిసరి, వేగం 40 కిలోమీటర్లు దాటకూడదు. ఇది 2023 ఫిబ్రవరి 15 నుండి అమలులో ఉన్న నియమం.

మేనల్లుడి భార్య తేల్చి చెప్పింది. "నేనూ పిల్లలూ బస్సులో వెళతాము మామూజాన్. మా అమ్మీకి నేను చెప్పుకుంటాను." రాష్ట్రంలో 2025 ఆగస్టు 15 నుండి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ వంటి ఆర్టీసీ బస్సులలో మహిళలకు ప్రయాణం ఉచితం కావడంతో ఖర్చు ప్రశ్న కూడా తీరిపోయింది. సంచులు మేనల్లుడి బండి మీద, మనుషులు బస్సులో. అతను 74, అతని సంచులు 17, మా పెద్ద సంచీ ఆరు, హెల్మెట్‌తో కలిపి సుమారు 98 కిలోలు. మా బండి మీద మేమిద్దరము, రెండున్నర కిలోల చిన్న సంచీ.

బందరు దారిలో

ఫజర్ నమాజు తరువాత మంచు కొంత విడిచేదాకా ఆగి బయలుదేరాము. అంతకు ముందే చేయవలసినవి చేశాము. టైర్లు చల్లగా ఉన్నప్పుడే గాలి కొట్టించాము. మా బండి పుస్తకం ప్రకారం ముందు టైరుకు 25, వెనుక టైరుకు ఒక్కరైతే 28, ఇద్దరైతే 40 ఉండాలి. ఇద్దరు ఎక్కినప్పుడు వెనుక గాలి ఇంత ఎక్కువ కావాలన్నది చాలామందికి తెలియదు. పంక్చర్ షాపులో "ముందు పాతిక, వెనుక ముప్పై" అని అలవాటుగా కొట్టించుకుని కదిలిపోతారు. మీ బండి అంకెలు వేరుగా ఉండవచ్చు. పుస్తకంలోనో, చైను కవరు మీది చీటీలోనో చూసుకోండి.

తరువాత షాకబ్జార్బర్లు. వెనుక స్ప్రింగుల కింద మెట్లు మెట్లుగా ఉన్న చుట్టు ఉంటుంది. బండితో ఇచ్చే పనిముట్లలోని కొక్కెం వంటి స్పానర్‌తో దానిని తిప్పితే స్ప్రింగు గట్టిపడుతుంది. రెండు వైపులా ఒకే మెట్టులో ఉంచాలి. వెనుక భాగం కుంగితే హెడ్‌లైటు పైకి లేచి ఎదుటివారి కళ్ళలో పడుతుంది, మన దారి మాత్రం చీకటిగా ఉంటుంది. కనుక లైటునూ ఒక మారు సరిచూసుకోవాలి. చైను మరీ బిగుతుగానూ, మరీ వదులుగానూ ఉండకూడదు.

బెంజి సర్కిల్ దాటి, కానూరు, పోరంకి మీదుగా కంకిపాడు చేరేసరికి ఎండ పొడిచింది. పూణే నుండి హైదరాబాదు, విజయవాడల మీదుగా వచ్చే 65వ జాతీయ రహదారి మచిలీపట్నం వద్ద సముద్రానికి చేరువై ముగుస్తుంది. విజయవాడ నుండి బందరు సుమారు 70 కిలోమీటర్లు. దారి పొడవునా పచ్చని పొలాలు, కాలువలు, వాటి గట్ల మీద కొబ్బరి చెట్లు. చూపులకు అంతా చదునే. కానీ ఇది నల్లరేగడి నేల. వానకు ఉబ్బుతుంది, ఎండకు కుదించుకుంటుంది. దాని మీద వేసిన రోడ్డు కాలక్రమేణా అలలు తిరుగుతుంది. ఒంటరిగా వెళ్ళేవారికి ఆ అలలు తెలియవు. ఇద్దరితో వెళ్ళేటప్పుడు ప్రతి అలకూ వెనుక చక్రం ఒకసారి దిగి లేస్తుంది. మేము యాభై కిలోమీటర్ల వేగం దాటలేదు.

ఉయ్యూరు వద్ద చక్కెర కర్మాగారానికి చెరకు మోసుకుపోతున్న ట్రాక్టర్లు బారులు తీరి కనిపించాయి. పామర్రు వైపు పక్క దారులలో రోడ్డు మీదనే ధాన్యం ఆరబోశారు. కోతల కాలంలో డెల్టాలో ఇది సర్వసాధారణం. ఆ గింజల మీద టైరు జారుతుంది. బరువుతో ఉన్న బండి మరీ జారుతుంది. అటువంటి చోట హఠాత్తుగా బ్రేకు వేయకుండా, ముందుగానే వేగం తగ్గించి, బండిని నిటారుగా పోనివ్వాలి.

పామర్రులో టీ కోసం ఆగాము. పక్కనే ఉన్న పంక్చర్ షాపులో ఒక యువకుడు బండి దించి నిలబడి ఉన్నాడు. భార్య చెట్టు నీడన కూర్చుంది, ఆమె పక్కన రెండు బియ్యం బస్తాలు. వెనుక టైరు పక్క గోడ చీలిపోయింది, చక్రంలో రెండు స్పోకులు తెగాయి. నెమ్మదిగా వెళుతున్నందువల్ల ఇద్దరికీ దెబ్బలు తగలలేదు. షాపు అతను టైరు విప్పి లోపలి భాగం చూపించాడు. రబ్బరు నలిగి పొడిపొడిగా రాలుతోంది. "గాలి తక్కువ, బరువు ఎక్కువ. నెలకు ఇలాంటివి ఎన్నో చూస్తాను సాబ్" అన్నాడు. మేనల్లుడు ఆ పొడిని వేళ్ళతో తాకి చూశాడు. మేము చెప్పిన అన్ని మాటల కన్నా అది అతనికి బాగా అర్థమైందని మాకు అనిపించింది.

అక్కడే మా శ్రీమతి స్త్రీల వైపు నుండి ఒక మాట అన్నారు. బుర్ఖా అంచు, దుపట్టా కొస చైనులోకో, చక్రంలోకో చిక్కుకుని జరిగిన ప్రమాదాలు మన సమాజంలో ఎన్నో. వెనుక చక్రానికి సగానికి తగ్గకుండా రక్షణ జాలీ, కాళ్ళు పెట్టుకునే ఫుట్‌రెస్టు, పట్టుకునే పిడి ఉండాలని నిబంధనలే చెబుతున్నాయి. బండి అందంగా కనిపించాలని జాలీ తీసివేయడం ఎంతమాత్రం తగదు. బుర్ఖా కింద సల్వార్ ధరించి, అంచులను కూడదీసి తొడల కింద అదుముకుని, ఇరువైపులా కాళ్ళు వేసి కూర్చుంటే బరువు మధ్యకు వస్తుంది. ఒకవైపు కూర్చుంటే బండి ఎడమకు లాగుతూనే ఉంటుంది, దూర ప్రయాణంలో నడిపేవారి భుజాలు నొప్పెడతాయి.

ఓడ మీది గీత

మచిలీపట్నం ఒకప్పుడు గోల్కొండ రాజ్యానికి ప్రధాన రేవు. కలంకారీ వస్త్రాలు ఇక్కడి నుండి దేశదేశాలకు వెళ్ళాయి. 1611లో ఆంగ్లేయులు ఇక్కడ తమ వర్తక స్థావరం నెలకొల్పారు, డచ్చివారు అంతకు ముందే వచ్చారు. ఇక్కడ ఓడ ఎక్కి ఎర్ర సముద్రం మీదుగా హజ్ యాత్రకు వెళ్ళినవారు ఉన్నారు. బందరుకోట దగ్గర నిలబడి పిల్లలకు ఈ సంగతులు చెబుతుండగా, మేనల్లుడి కూతురు "ఆ ఓడలో ఎంతమంది పట్టేవారు దాదా?" అని అడిగింది.

ఓడలకూ ఇదే చరిత్ర. పందొమ్మిదవ శతాబ్దంలో ఇంగ్లండులో ఓడల యజమానులు లాభం కోసం మితిమీరిన సరుకు నింపేవారు. ఓడలు మునిగి నావికులు చనిపోయేవారు. శామ్యూల్ ప్లింసాల్ అనే పార్లమెంటు సభ్యుడు దీని మీద పోరాడాడు. 1876లో చేసిన చట్టంతో ఓడ పక్క గోడ మీద గీత గీయడం తప్పనిసరి అయింది. తరువాతి కాలంలో ఆ గీత స్థానాన్ని కూడా చట్టమే నిర్ణయించింది. నీరు ఆ గీతను దాటితే ఓడలో బరువు ఎక్కువైనట్టే. రేవులో నిలబడిన ఎవరైనా దానిని చూసి చెప్పగలరు. మన బండి మీద అటువంటి గీత లేదు. అది పుస్తకంలో అంకెగా మాత్రమే ఉంది. కనుక గీతను మనమే మనసులో గీసుకోవాలి.

ప్రేమతో ఇచ్చిన బస్తా

వెళ్ళేటప్పటి లెక్క సులభం. తిరుగు ప్రయాణంలోనే పరీక్ష. బందరు వెళ్ళినవారు లడ్డూ, హల్వా లేకుండా తిరిగిరారు. దానికి తోడు మేనల్లుడి అత్తగారు తమ పొలంలో పండిన కొత్త బియ్యం, పాతిక కిలోల బస్తా ఒకటి మేనల్లుడికి, ఒకటి మాకు సిద్ధం చేసి ఉంచారు.

"భాయీసాబ్, ట్యాంకు మీద పెట్టుకుంటే ఏమవుతుంది? మా ఊరివాళ్ళు రెండేసి తీసుకువెళతారు" అన్నారామె. ఆమె స్వరంలో నొప్పి ఉంది. చేతులారా ఇచ్చినది వదిలి వెళితే ఏ తల్లి మనసైనా నొచ్చుకుంటుంది.

ట్యాంకు మీద, కాళ్ళ నడుమ బస్తా పెడితే హ్యాండిల్ పూర్తిగా తిరగదు, బ్రేకు మీదికి కాలు సరిగా చేరదు. మాకు మిగిలి ఉన్న రెండున్నర కిలోలలో పాతిక ఎలా పట్టుతుంది? మా శ్రీమతి ఆమె చేయి పట్టుకుని, "ఆపా, మీరు ఇచ్చింది మేము కాదనడం లేదు. అది మాతో రాదు, మా వెనుక వస్తుంది" అన్నారు. మేనల్లుడు ఒక్కడే వెళుతున్నాడు కనుక అతని బండికి ఒక బస్తా పట్టింది. సంచులు, మిఠాయి, హెల్మెట్ అన్నీ కలిపి 125 కిలోలు. బస్తాను సీటు మీద, తన నడుముకు ఆనించి, అడ్డంగా తాళ్ళతో బిగించాడు. మా బస్తా ఆర్టీసీ పార్సిలులో విజయవాడ చేరింది. బస్టాండు నుండి ఆటోలో ఇంటికి తెచ్చుకున్నాము. అత్తగారికి ఫోను చేసి ఆ బియ్యంతో వండిన మొదటి అన్నం గురించి చెప్పాము. ఆమె సంతోషించారు.

మేనల్లుడు బస్తాతో నేరుగా 65వ రహదారి పట్టాడు. మేమిద్దరమూ తేలికపాటి సంచీతో చల్లపల్లి మీదుగా అవనిగడ్డ వెళ్ళి, ఒక పూర్వ విద్యార్థిని చూసి, కృష్ణ కరకట్ట మీదుగా తిరిగి వచ్చాము. 1977 నవంబరు 19 నాటి ఉప్పెనలో వేలాది ప్రాణాలు పోయిన దివిసీమ ఇది. పులిగడ్డ వద్ద కృష్ణ పాయ మీదుగా కాలువ నీటిని దివిసీమకు చేరవేసే అక్విడక్టును చూశాము. కాలువకు కూడా ఒక కొలత ఉంటుంది. గట్టు భరించగలిగినంత నీరే వదులుతారు, మించితే గండి పడుతుంది.

కరకట్ట దారి కనులకు విందే. ఒకవైపు నది, మరోవైపు అరటి, పసుపు తోటలు. కానీ దారి ఇరుకు, గట్టు ఎత్తు. ఎదురుగా వాహనం వస్తే అంచుకు దిగవలసి వస్తుంది. అంచున మట్టి మెత్తన. నిండు భారంతో ఉన్న బండి అక్కడ జారితే ఆపడం కష్టం. ఆ దారిన వెళ్ళదలచినవారు తక్కువ బరువుతో, పగటిపూట, నిదానంగా వెళ్ళాలి. సామానుతో ఉన్నవారికి పెద్ద రోడ్డే మేలు.

ఇంట్లో గోడకు రాసుకోదగిన మాటలు

ప్రయాణానికి ముందు అందరూ కాటా ఎక్కండి. పుస్తకంలోని గరిష్ఠ భారం నుండి మనుషుల బరువు, హెల్మెట్ల బరువు, అదనంగా బిగించిన పరికరాల బరువు తీసివేయండి. మిగిలినదే మీ సామాను. పెద్ద బండి కొంటే ఎక్కువ మోస్తుందని అనుకోకండి. ఇంజను పెరిగితే బండి సొంత బరువు కూడా పెరుగుతుంది. ప్రతి బండికీ దాని పుస్తకమే ప్రమాణం.

సామానును రెండు పక్కలా సమానంగా, కిందుగా, సీటుకు దగ్గరగా కట్టండి. బరువైనవి అడుగున, తేలికైనవి పైన ఉండాలి. హ్యాండిల్‌కు ఏదీ తగిలించకండి. సీటు వెనుక డబ్బా బిగించుకునేవారికి 2020లో వచ్చిన నిబంధన ఒక కొలత చెబుతుంది. పొడవు 550, వెడల్పు 510, ఎత్తు 500 మిల్లీమీటర్లు మించరాదు. ఆ డబ్బా వెనుక మనిషి కూర్చునే చోటును ఆక్రమిస్తే నడిపేవారు ఒక్కరే ప్రయాణించాలి. డబ్బా పెద్దదైనంత మాత్రాన నింపవలసిన అవసరం లేదు, దాని బరువు కూడా అదే 130 లోనిది. యాభై కిలోమీటర్లకు ఒకసారి ఆగి, టైరును చేతితో తాకి చూడండి, తాళ్ళు బిగించండి.

లెక్క కుదరకపోతే బండిని పంపి మనుషులను బస్సెక్కించండి, లేదా మనుషులు బండి మీద వెళ్ళి సామానును పార్సిలు చేయండి. ఒక బస్తా ఒక రోజు ఆలస్యంగా వస్తే ఇంటికి వచ్చే లోటు ఏమీ లేదు. మేనల్లుడు మొన్న గుడివాడలో ఒక శుభకార్యానికి వెళ్ళాడు. భార్యాపిల్లలు రైలులో, తాను బండి మీద. స్టేషను బయట వారికోసం ఎదురుచూస్తూ మాకు ఫోను చేసి, "మామూ, ఇప్పుడు ఎవరూ ఏమీ అనడం లేదు" అన్నాడు. అననివ్వండి, అనకపోనివ్వండి. చేరవలసినవారు చేరితే చాలు.